నంది బండి ఆగిన రోజు

మా ఇంటి మీదుగా విమానం పోయే వేళ తెలుసుకోవడానికి నాకు గడియారంతో పని లేదు. ఎసట్లో బియ్యం పోసి మూత పెట్టేసరికి దక్షిణాన కొండల వైపు నుంచి సన్నగా ఒక మోత మొదలవుతుంది. మొదట్లో అది పక్కింట్లో తిరగలి తిప్పుతున్నట్టు ఉంటుంది. కాసేపటికి వీధిలో కుక్కలు తలలెత్తుతాయి. బళ్ళో పిల్లలు పంతులుగారిని అడక్కుండానే బయటికి వచ్చేస్తారు. మద్రాసులో బయలుదేరి నాగపూరు మీదుగా ఢిల్లీ పోయే విమానం అది. వారంలో కొన్ని రోజులు దాన్ని నడిపే ఇద్దరిలో ఒకరు మా ఆయన.

ఏ రోజు ఆయన వంతో మాకు తెలియదు. అందుకని మా అత్తగారు ఏ విమానాన్నీ వదలదు. పొద్దున్నే డాబా ఎక్కి తెల్ల దుప్పటి పరిచి, గాలికి లేవకుండా మూలల్లో నాపరాయి ముక్కలు పెడుతుంది. పైనుంచి చూస్తే కొడుక్కి ఇల్లు ఆనవాలు దొరకాలని. అంత ఎత్తు నుంచి ఊరే సరిగా ఆనదనీ, మబ్బు లేని రోజున ఎత్తిపోతల జలపాతం మాత్రం తెల్ల దారప్పోగులాగా కనిపిస్తుందనీ, దాన్ని చూసి మన ఊరు వచ్చిందనుకుంటాననీ ఆయన నాతో చెప్పారు. తల్లితో మాత్రం దుప్పటి కనపడిందనే చెబుతారు.

నేను పిరికిదాన్ని. పాప తుమ్మితే జలుబు చేసిందేమోనని, కదలకుండా నిద్రపోతే ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే రకం. విమానం మోత వినిపిస్తే ఇంజను సవ్యంగా ఉందా అని చెవి పెట్టి వినేదాన్ని, నాకేదో తెలిసినట్టు. వినిపించని రోజు ఇంకా ఘోరం. అన్నం మాడుతున్నా తెలిసేది కాదు. అత్తగారు వచ్చి గిన్నె దించి, నా మొహం చూసి వెళ్ళిపోయేది.

ఆ భయం ఈ మధ్య చాలావరకు తగ్గింది. పాప నిద్రపోయింది. లాంతరులో ఇంకా కిరసనాయిలు ఉంది. ఎలా తగ్గిందో మరిచిపోకముందే రాసుకోవాలనిపించింది.

మాది నరసరావుపేట. నాన్న హెడ్మాస్టరు. మేం క్రైస్తవులం కావడం వల్లనో, నాన్నకు పుస్తకాల పిచ్చి వల్లనో, నన్ను బి.ఏ. దాకా చదివించారు. యుద్ధం రోజుల్లో వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకున్న ఒక రైతు కొడుకు, దుర్గి అవతలి పల్లె నుంచి సంబంధంగా వచ్చినప్పుడు మా అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఆ అబ్బాయికి నేల మీద పనేదీ దొరకలేదా అని.

యుద్ధం ముగిశాక ఆయన మద్రాసులో ఒక ప్రైవేటు విమానాల కంపెనీలో చేరారు. యుద్ధంలో మిగిలిపోయిన విమానాలను కొని, సీట్లు బిగించి, రంగు వేసి నడిపే కంపెనీలు అప్పటికే చాలా పుట్టుకొచ్చాయి. పైలట్లు కూడా యుద్ధంలో మిగిలిపోయినవాళ్ళే. ఒక ఉద్యోగం ఖాళీ అయిందంటే కంపెనీ గుమ్మం బయట బారు తీరేవారు. ఆయన ఇంకా రెండో పైలటే, అంటే పెద్ద పైలటు పక్క సీటులో కూర్చునేవారు. పెద్ద పైలటు అయితే కంపెనీ ఇల్లు ఇస్తుంది. అప్పుడు నన్నూ పాపనూ మద్రాసు తీసుకుపోవచ్చు. అంతవరకూ నేను అత్తగారింట్లో. పెళ్ళయ్యాక ఆయన్ని కళ్ళతో చూసిన రోజులకన్నా తల మీదుగా మోత విన్న రోజులే నాకెక్కువ.

స్వరాజ్యం వచ్చిన తర్వాత, పత్తి తీతలు అయిపోవస్తున్న రోజుల్లో, పాప జ్ఞానస్నానానికి ఆయన సెలవు మీద వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఏదో మింగలేనిది నోట్లో పెట్టుకున్నట్టు ఉన్నారు. చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, మా నాన్నా మామగారూ అరుగు మీద కూర్చున్నప్పుడు బయటపెట్టారు.

సంగతి ఏమిటంటే, పైలట్లంతా కలిసి యూనియను పెట్టుకుంటున్నారు. నెలకు ఇన్ని గంటలకు మించి ఎగరమనకూడదని వాళ్ళ కోరిక. పైలటు ప్రమాదంలో పోతే ఇంట్లోవాళ్ళను కంపెనీ చూడాలన్నది ఇంకొకటి. అన్నిటికన్నా ముఖ్యమైనది, విమానం బాగాలేదనో గాలివాన వచ్చేట్టుందనో పైలటు అంటే ఆ మాట చెల్లాలన్నది. ఈయన కంపెనీలో అప్పటిదాకా జరుగుతున్నది వేరు. ఒక పైలటు ఇంజను బాగాలేదంటే మేనేజరు కోప్పడడు. మంచిది, ఇంటికి పోయి విశ్రాంతి తీసుకో అంటాడు. వరసలో తర్వాతివాడిని పిలుస్తాడు. ఆ తర్వాతివాడికి భార్యాబిడ్డలు ఉంటారు, పెద్ద పైలటు కావాలని ఉంటుంది. తీసుకుపోతాడు. చాలాసార్లు విమానం క్షేమంగానే దిగుతుంది. దాంతో కాదన్నవాడు పిరికివాడైపోతాడు.

చాలాసార్లు అన్న మాట దగ్గర ఆయన ఆగారు. ఒకసారి దిగలేదు. ఆ పైలటు బట్టల పెట్టెను సర్ది అతని ఊరికి పంపే పని ఈయన మీదే పడిందట. ఆ ముక్క అప్పటిదాకా నాతో కూడా చెప్పలేదు.

సెలవుకు బయలుదేరే ముందు మేనేజరు ఈయన్ని గదిలోకి పిలిచి టీ ఇప్పించాడు. త్వరలో ఒక పెద్ద పైలటు స్థానం ఖాళీ అవుతోందనీ, నీ పేరే అనుకుంటున్నామనీ, తిరిగి వచ్చిన రోజున నేరుగా నా దగ్గరికి వచ్చి ఆ యూనియనుతో నాకు సంబంధం లేదని ఒక్క మాట చెబితే చాలనీ అన్నాడు. బెదిరించలేదు. పాప ఎలా ఉందని కూడా అడిగాడు.

మా నాన్న అంతా విని, చదువుకున్నవాళ్ళు అర్జీ పెట్టుకోవాలి గానీ గుంపు కట్టకూడదన్నారు. ముప్పయ్యేళ్ళు బళ్ళో ఆయన చేసిన పని అదే. అర్జీలు పెట్టుకోవడం, జవాబు కోసం చూడటం. మామగారి కోపం వేరే రకం. ఆయన సంఘం అన్న మాటే ఓర్చుకోలేరు. కృష్ణకు అవతల ఆ మాట వినిపిస్తే చాలు, పోలీసులు ఊళ్ళ మీద పడుతున్న రోజులవి.

"మాచర్ల జిన్నింగు మిల్లులో కూలోళ్ళు పెట్టుకున్నారు సంఘం. వాళ్ళకి కావాల. నువ్వు దొరల మాదిరి టోపీ పెట్టుకుని తిరిగేటోడివి. నువ్వేమన్నా కూలోడివా?"

"కూలోణ్ణే నాయనా. కాస్త ఎత్తున కూర్చుని చేసే కూలి."

"ఎత్తున కూర్చున్నోడు కింద చూసుకోవాల. అంత ఎత్తు నుంచి పడితే ఎముకలు ఏరుకోను కూడా దొరకవు."

"నేను చెప్పేదీ అదే గదా" అన్నారు ఈయన. నాన్నకు నవ్వు వచ్చింది గానీ మామగారికి రాలేదు.

అయితే ఈయనకు కూడా మనసు తేలలేదు. ఈయన గురువుగా చూసే ఒక పెద్ద పైలటు ఉన్నారు, యుద్ధంలో ఆ పెద్దాయన పక్కనే కూర్చుని ఈయన పని నేర్చుకున్నారు. ఆ గురువుగారు యూనియనుకు ఒప్పుకోలేదు. ఆకాశంలో నిర్ణయం ఒక్కడిది, దాన్ని తీసుకుపోయి కమిటీ చేతిలో పెట్టేవాడు పైలటే కాదు అన్నారట. ఆ మాట తీసిపారేయదగ్గది కాదని ఈయన అన్నారు. ఇంకో సందేహం కూడా ఉంది. జీతం బాగానే వస్తోంది, జనం గౌరవంగా చూస్తున్నారు. రైలింజనులో బొగ్గు వేసేవాడితో పోల్చుకుంటే మాకేం తక్కువ, మాకెందుకు యూనియను అనిపిస్తుందట ఒక్కోసారి.

నా సంగతి చెప్పాలంటే, కాలేజీలో నాది అర్థశాస్త్రం. పనివాళ్ళు సంఘం కట్టుకోవడం వాళ్ళ హక్కని పోటీలో వాదించి కప్పు కూడా తెచ్చుకున్నాను. ఆ కప్పు నాన్న బీరువాలో ఉంది. ఇప్పుడు అదే మాట మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటే నేను గుమ్మం వెనకే ఉండిపోయాను. మద్రాసు ఇల్లు నా కళ్ళలో ఉంది. ఎన్ని గదులో తెలియని ఆ ఇంటికి నేను అప్పటికే తెరలు కుట్టుకుంటున్నాను. మరోవైపు ఆ బట్టల పెట్టె. ఆయన యూనియనులో సంతకం పెడితే ఉద్యోగం పోతుందేమో, పెట్టకపోతే ఏదో ఒక రోజు వరసలో తర్వాతివాడు ఆయనే అవుతారేమో. రెండింటిలో దేన్ని కోరుకోవాలో తెలియక పాపకు అదే పనిగా ఉగ్గు కలిపాను.

సెలవు ముగిసింది. మాచర్లలో రైలెక్కి గుంటూరు మీదుగా మద్రాసు చేరాలి. మామగారి పత్తి కూడా అదే రైలుకు తగిలించే వ్యాగనులో పోవాలి. కనుక ఊళ్ళో పత్తి బండ్లన్నీ వరస కట్టాయి. ముందు మా గూడుబండి, మామగారే తోలుతున్నారు. లోపల ఆయనా నేనూ పాపా. నేను స్టేషను దాకా వెళ్ళి సాగనంపి వద్దామని బయలుదేరాను. తెల్లవారకముందే కదిలాం. మామగారు దారి పొడుగునా ఎడ్లను అదిలిస్తూనే ఉన్నారు. చెప్పిన రోజున మేనేజరు ముందు నిలబడకపోతే పెద్దోళ్ళ దగ్గర మర్యాదగా ఉండదని ఒకటే తొందర.

మా వైపు బండ్లు దూరం పోవాలంటే ఒంటరిగా పోవు. దుర్గి నుంచి మాచర్లకు దారి అంతా రాళ్ళూ వాగులూ. వెనకటికి ఆగిపోయిన బండిని దోచుకునేవారట. ఇప్పుడు దొంగల భయం అంతగా లేకపోయినా పద్ధతి మిగిలింది. ఆ పద్ధతి ఏమిటంటే, వరసలో ఎవరైనా సరే, తోక బండి కుర్రవాడైనా సరే, కాడి దించమని కేకేస్తే అందరూ కాడి దించాలి. ఎందుకని అడగడం దించాకనే. బాగున్న బండి కూడా కదలకూడదు. కదిలినవాణ్ణి మళ్ళీ ఎవరూ వరసలో కలుపుకోరు. ఎండాకాలం అతను నీళ్ళడిగినా ఇస్తారు గానీ మాట కలపరు. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ సంగతి విని ముచ్చటపడ్డాను. అంతకన్నా ఆలోచించలేదు.

దుర్గిలో ఇంకో బండి వచ్చి మా వరసలో కలిసింది. అక్కడి శిల్పులు చెక్కిన నందిని ఏదో దూరపు గుడికి పంపుతున్నారు. వరిగడ్డి చుట్టి, మోకులతో కట్టి, పండుకోబెట్టిన ఎద్దులా ఉంది అది. దాన్ని చెక్కిన ముసలాయన గడ్డి పక్కనే ఒదిగి కూర్చున్నాడు, ఒక చెయ్యి దాని మూపు మీద వేసి.

వాగు దాటి గట్టెక్కాక వెనక నుంచి కేక వినిపించింది. కాడి దించమని. నంది బండి తోలే అతనిది ఆ గొంతు. ఇరుసు చీలబోతున్నట్టు పలుకుతోందట.

నాకు ముందు కలిగింది కోపం. రైలు వేళ దగ్గరపడుతోంది. మామగారు ఎంత తొందరలో ఉన్నారో పొద్దున్నుంచీ చూస్తున్నాను. కాని నేను ఆ మాట అనుకునేలోపే ఆయన బండి దిగి ఎడ్లను విప్పేశారు. ఆలోచించి చేసినట్టు లేదు. తుమ్ము వస్తే మొహం పక్కకు తిప్పుకున్నట్టు ఉంది.

వెనక్కి వెళ్ళి చూస్తే ఇరుసు నిజంగానే చీలింది. ఇంకో ఇరుసు దుర్గి నుంచి రావాలి. ఒక మనిషిని పరిగెత్తించారు. అప్పుడు మాచర్ల నుంచి సైకిలు మీద పత్తి కమీషను కొట్టు గుమాస్తా ఎదురొచ్చాడు. బండ్లు ఇంకా రాలేదేమిటా అని చూడటానికి వచ్చాడు. దారి మధ్య అందరూ కాళ్ళు చాపుకుని కూర్చోవడం చూసి అతనికి మండింది. రాతి బండి ఆగితే పత్తి బండ్లకేమొచ్చిందన్నాడు. మామగారిని పక్కకు పిలిచి మెత్తగా మాట్లాడాడు. పక్కకంటే మా గూడుబండి వెనక్కే, మాకంతా వినబడుతోంది.

"పెద్దాయనా, నీ బండ్లు వరకు తోలుకురా. వ్యాగన్లో ముందు నీ బోరాలే ఎక్కిస్తా. అబ్బాయికి రైలు కూడా అందిద్ది. ఆ రాయి సంగతి వాళ్ళు చూసుకుంటారు."

"కాడి దించాం గదయ్యా" అన్నారు మామగారు.

"దించితే ఎత్తుకోలేవా? నీ ఇరుసు బాగానే ఉంది గదా."

"బాగానే ఉంది."

"మరి?"

"నా ఇరుసు బాగుందని నేను పోతే, రేపు నాది పలికినప్పుడు ఎవడు ఆగుతాడు? నంది లేచి నడిచిందా, నేనూ నడుస్తా. పోయి నీడన కూర్చో."

గుమాస్తా సైకిలెక్కుతూ అందరికీ వినపడేట్టు అన్నాడు. కొడుకేమో గాలిలో పోయేవాడు, తండ్రేమో రాయి లేచి నడవాలని కూర్చున్నాడు, బాగుంది కుటుంబం అని. బండ్లవాళ్ళు కొందరు నవ్వారు. మామగారూ నవ్వారు. వెళ్ళి ఆ ముసలి శిల్పికి పొగాకు ఇచ్చి, అన్నా, నీ ఎద్దుకి గడ్డి చాలకే మొరాయించింది అన్నారు. మాది మరియమ్మ తల్లికి కొవ్వొత్తి పెట్టే ఇల్లు. ఆ నంది పోతున్న గుళ్ళో మా వాళ్ళెవరూ అడుగు పెట్టరు. ఆ ఆలోచన అక్కడ ఎవరికీ వచ్చినట్టు లేదు.

నందిని దించి దారి పక్కన నిలిపారు. పాపను దాని నీడలో పడుకోబెట్టాను. ఎండ తగులుతుందేమోనని, చీమలుంటాయేమోనని నేను హైరానా పడుతుంటే, అది ఆ రాతి మూతిని చూసి కేరింతలు కొట్టింది. మా ఆయన చొక్కా విప్పి తండ్రితో కలిసి బండి కింద దూరారు. నేను పక్కనే ఉన్నాను. ఇద్దరూ బండిని ఎత్తి నిలపడానికి దుంగలు సర్దుతున్నారు.

"నాయనా, నిన్ను గుమాస్తా అడిగిందే నన్ను మేనేజరు అడిగాడు" అన్నారు ఈయన.

మామగారు శీల ఊడదీసి, దాన్ని కండువాతో తుడుస్తూ చాలాసేపు చూశారు.

"మీ వరసలో ఎవడన్నా కాడి దించమన్నాడా?"

"అన్నాడు. ఒకడు కాదు, చానామంది."

"ఇరుసు నిజంగా పలికిందా, ఊరికే అన్నారా?"

"నిజంగానే పలికింది. ఒకడు పోయాడు గదా."

"నువ్వేం చేశావు?"

"ఇంకా ఏం చేయలేదు. వెళ్ళి చెప్పాల."

మామగారు బండి కింద నుంచి బయటికి వచ్చి నిలబడ్డారు. నడుము పట్టుకుని నొప్పి పోయేదాకా ఆగారు. తర్వాత నా వైపు తిరిగారు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఎద్దుల గురించీ కూర గురించీ తప్ప ఆయన నన్ను ఏమీ అడిగి ఎరుగరు.

"నువ్వేమంటావు అమ్మాయ్? చదువుకున్నదానివి."

కప్పు గెలిచిన రోజు మాట్లాడినవి ఒక్కటీ గుర్తు రాలేదు. "నాకు భయంగా ఉంది మావయ్యా. సంతకం పెట్టినా భయమే, పెట్టకపోయినా భయమే" అన్నాను.

"అందులో పెద్ద భయం ఏది?"

పాప వైపు చూశాను. ఆయనకు అర్థమైంది.

"అయితే చిన్న భయాన్ని మనం మోద్దాం. ఉద్యోగం పోతే ఇంట్లో బండ్లున్నయి, వీడికి ఎడ్లు తోలడం మరిచిపోయినా మళ్ళీ నేర్పిస్తా." కొడుకుతో మాత్రం, "పోయి నీ పేరు రాయించుకో. కాడి దించమన్నాక కదిలినోణ్ణి నా కొడుకని చెప్పుకోలేను" అన్నారు.

దూరంగా మాచర్లలో రైలు కూత వినిపించింది. అది బయలుదేరిన కూత. పొద్దుటి నుంచీ ఆ రైలు కోసం ఎడ్లను అదిలించిన మనిషి ఆ కూత విని, రేపు ఇంకోటి ఉండదా ఏంది అని మళ్ళీ బండి కింద దూరారు. మా ఆయన నవ్వాపుకోలేకపోయారు. సెలవు మీద వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ సాయంత్రం మాచర్లలో తెలిసినవాళ్ళింట్లో దిగాం. మర్నాడు రైలెక్కారు. ఆలస్యం అవుతుందని తంతి ఇచ్చాం. నేనూ మామగారూ ఖాళీ బండ్లతో ఇంటికి వచ్చాం. జరిగింది విని అత్తగారు, రాయికి ఇరుసు దొరికింది, నా బిడ్డకి కొలువు దొరికిద్దా అంది. మామగారు ఎడ్లకు కుడితి పెట్టడానికి పోయారు.

ఆమె భయపడినట్టే అయింది. యూనియనులో చేరినవాళ్ళకు కంపెనీ విమానాలు ఇవ్వడం మానేసింది. తీసేయలేదు, ఇంటి దగ్గర ఉండమంది. పేరు రాయించుకున్న మా ఆయన కూడా మద్రాసులో తన గదిలోనే ఉండిపోయారు. పెద్ద పైలటు స్థానం వేరే ఒకతనికి పోయింది. ఆ వారాలు నాకు విచిత్రంగా గడిచాయి. విమానం మోత వినిపించేది, అందులో ఆయన లేరని నాకు తెలుసు. జీవితంలో మొదటిసారి ఆ మోత వింటూ కూర చూసుకోగలిగాను. వెంటనే అందులో ఇంకెవరి భర్తో ఉంటాడు గదా అనిపించేది. అత్తగారు మాత్రం దుప్పటి పరచడం మానలేదు. మానితే కొడుకు ఇక ఎగరడని తానే ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు.

మిరపకాయలు కల్లాల మీద నుంచి ఇళ్ళకు చేరాయి. ఎండలు ముదిరాయి. వీధిలో ఆడవాళ్ళు, మీ ఆయనది గాలి కొలువు గదమ్మా, గాలికే పోయిందా అని అడిగేవారు. జాలితో అడిగేవారో దెప్పి అడిగేవారో తెలిసేది కాదు. మామగారిని అడిగితే, మావాడు కాడి దించి కూర్చున్నాడు అని చెప్పేవారు. అడిగినవాళ్ళు తల ఊపి వెళ్ళిపోయేవారు. విమానం గురించి ఏమీ తెలియని ఊరికి ఆ ఒక్క మాటతో అంతా అర్థమైపోయేది. మా నాన్న నరసరావుపేట నుంచి వచ్చి, కంపెనీకి పంపమని ఇంగ్లీషులో చక్కటి అర్జీ రాసి ఇచ్చారు. దాన్ని పంపలేదు గానీ నాన్నను నొప్పించలేక దాచాను.

తొలకరికి ముందు ఒకనాడు ఆయనే వచ్చారు. ముందుగా ఉత్తరం లేదు. మాచర్ల నుంచి ఎవరి బండో పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను మొహం చూసి మంచో చెడో తేల్చుకోవాలని చూస్తుంటే, ముందు నీళ్ళివ్వు, తర్వాత భయపడుదువుగాని అన్నారు. అప్పుడే నాకు సగం ప్రాణం వచ్చింది.

జరిగింది ఇది. ఒక పొద్దున మద్రాసులో, జనం ఎక్కి కూర్చున్నాక, పైలటు ఇంజను మోత విని కాదన్నాడు. అతను యూనియను మనిషి కూడా కాదు. మేనేజరు అలవాటు ప్రకారం తర్వాతివాడిని పిలిచాడు. అతనూ విని, కాదన్నాడు. అప్పుడు మేనేజరు ఇంటి దగ్గర ఉంచినవాళ్ళలో ఒకడికి కబురు పంపాడు, వస్తే మళ్ళీ పనిలోకి తీసుకుంటానని. ఆ కబురు వచ్చింది మా ఆయనకే. ఈయన వెళ్ళి, విని, ఆ మాటే అన్నారు. చివరికి ఆ గురువుగారిని పిలిచారు. యూనియను వద్దన్న పెద్దాయన ఆయన. ఇంజను పక్కన నిలబడి, చెవి పెట్టి, యూనియను సంగతి నాకు తెలియదు గానీ వీళ్ళు ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు, నేను తీసుకుపోను అన్నారట. ప్రయాణికులు కేకలేశారు. ఒకాయన డబ్బు తిరిగిమ్మని బల్ల గుద్దాడు. పిలవడానికి ఇంకెవరూ మిగల్లేదు. అప్పుడు గానీ ఇంజను విప్పలేదు. లోపల ఒక ఇనుప ముక్క పగిలి ఉంది. అది గాలిలో ఊడితే ఏమయ్యేదో ఆయన చెప్పబోయారు. నేను వద్దన్నాను.

తర్వాత కంపెనీ పెద్దలు యూనియనువాళ్ళను పిలిచి కూర్చోబెట్టారు. అడిగినవన్నీ ఇవ్వలేదు. గంటల మాట ఇంకా నలుగుతూనే ఉంది. ఒకటి మాత్రం ఒప్పుకున్నారు. ఒక పైలటు కాదన్న విమానాన్ని, అది బాగుచేసి అతనికి చూపించేదాకా, గాలివాన అయితే అది తగ్గేదాకా, ఇంకొకడికి ఇవ్వకూడదని. ఇంటి దగ్గర ఉంచినవాళ్ళందరినీ తిరిగి పనిలోకి తీసుకున్నారు.

మామగారు అంతా విని ఒకే మాట అడిగారు.

"ఆ పెద్దాయన, మీ గురువు, ఇప్పుడు మీ వరసలో కలిశాడా?"

"పేరు ఇవ్వలేదు నాయనా. ఆకాశంలో నిర్ణయం ఒక్కడిదే అని ఇప్పటికీ అంటాడు."

"అంటే అననీ. కాడి దించాడు గదా."

ఆ గురువుగారి మాటను నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఆకాశంలో నిర్ణయం ఒక్కడిదే అన్నది నిజమే అనుకుంటాను. కాని నేల మీద తాను కాదన్నదాన్ని పక్కవాడు తీసుకుపోతాడన్న భయం ఉన్న మనిషి ఆ నిర్ణయం సొంతంగా ఎలా తీసుకుంటాడు. కాలేజీ పోటీలో ఈ ముక్క నాకు తోచలేదు. అప్పటికి నాకు భర్త లేడు, పాప లేదు, చీలిన ఇరుసును నేను చూడలేదు.

మద్రాసు ఇల్లు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో తెలియదు. తెరల గుడ్డ పాపకు గౌన్లయిపోయింది.

ఇవాళ పొద్దున కొండల మీద మబ్బు నల్లగా దిగింది. గాలి లేచి వాకిట్లో తట్టలు దొర్లాయి. ఎసట్లో బియ్యం పోసి మూత పెట్టాను. మోత రాలేదు. అన్నం ఉడికింది, వార్చాను. అయినా రాలేదు. ఒకప్పుడైతే ఆ అన్నం మాడి ఉండేది. ఇవాళ నేను మొదట అనుకున్నది, మద్రాసులో కూడా మబ్బు పట్టి ఉంటుందని. ఎవరో ఒకరు వద్దని ఉంటారు. వద్దన్నారంటే ఇంకెవరూ బయలుదేరి ఉండరు. పాపకు పాలు పట్టి, కూరలో ఉప్పు చూశాను. సరిగానే ఉంది.

అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా మొహంలోకి చూసింది, అలవాటుగా.

"ఏమే, ఇయ్యాల రాలేదే."

"రాలేదు అత్తయ్యా."

"కాడి దించుంటారులే" అని, వాన పడేలోపు దుప్పటి తియ్యడానికి డాబా ఎక్కింది.